దొరసానికి మొదటి వాయనం

మధ్యాహ్నం పూట మా ఇంట్లోకి గాలి గోదారి వైపు నుంచి వస్తుంది. హాలంతా ఒకసారి తిరిగి, మెట్ల కింద కాసేపు ఆగి, దొడ్డివైపు కిటికీలోంచి వెళ్ళిపోతుంది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ గాలిని ఇంట్లో మనిషే అనుకునేదాన్ని. పడుకున్నవాళ్ళ పక్క నుంచి చప్పుడు కాకుండా నడిచి, దండెం మీద చీరని కొంచెం కదిపి, తన పని చూసుకుని పోయే మనిషి.

మాది రాజమహేంద్రవరంలో గోదారి గట్టుకి దగ్గరగా ఉన్న పాత ఇల్లు. బజారులో గాజులు, పసుపు కుంకాల కొట్టు. కొట్టు మావాళ్ళదే కానీ ఇల్లు మావాళ్ళు కట్టింది కాదు. ఒక ఇంగ్లీషు దొర తన కోసం కట్టుకున్నది. ఇళ్ళు గీయడమే ఆయన ఉద్యోగం. ఇంగ్లండు నుంచి ఓడ మీద కాకినాడ రేవులో దిగి, కాలవ పడవలో ఈ ఊరు వచ్చాడట. చర్చి గీశాడట, సర్కారు కచేరీ గీశాడట, పొడుగు కిటికీల బడి ఒకటి గీశాడట. ఇదంతా మా అత్తగారు చెప్పిన కథ. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పారు.

ఈ ఇంటికి పునాదులు తీయగానే దొర వాటి మధ్యన మంచం వేయించుకుని పడుకునేవాడట, గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూడటానికి. గాలి ఎటు వస్తే అటు కిటికీ. అందుకే మా ఇంట్లో ఏ రెండు కిటికీలూ ఎదురెదురుగా ఉండవు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం పోయించాడట. వానాకాలం గోడలు చెమర్చినప్పుడు తియ్యటి వాసన వస్తుందనేవారు అత్తగారు. నాకూ వచ్చేది. నిజంగా వచ్చేదో, ఆవిడ చెప్పాక వచ్చేదో ఇప్పటికీ చెప్పలేను.

పడమటి గదిలో మాత్రం ఒక వింత కిటికీ ఉంది. మిగతావన్నీ నిలువెత్తువి. ఇదొక్కటే నేలకి జానెడు ఎత్తులో, పీట వేసినట్టు ఉంటుంది. దొర కొలత తప్పాడని మా మామగారు నవ్వేవారు. మేం అక్కడ ఊరగాయ జాడీలు పెట్టుకునేవాళ్ళం. జాడీలు లేనప్పుడు మా అబ్బాయి చిన్నప్పుడు అందులో ఎక్కి కూర్చుని గోదారి మీద పడవలు చూసేవాడు.

ఇక పెరట్లో రాయి సంగతి. పారిజాతం చెట్టు పక్కన నాలుగు స్తంభాల చిన్న మండపం, దాని కింద నిలువుగా పాతిన రాయి. అది దొరసానిది. భర్త ఉండగా పసుపు కుంకాలతో పోయిన ఆడదాన్ని మా వైపు పేరంటాలంటారు. పల్లెల్లో పేరంటాళ్ళకి గుళ్ళు కూడా ఉన్నాయి. మా ఇంటి పేరంటాలు తెల్లదొరసాని. ఆవిడ పోయాక దొర రోజూ సాయంత్రం వెనక వరండా మెట్టు మీద కూర్చుని ఆ రాయి వైపు చూస్తూ ఉండేవాడట. చివరికి ఇల్లు మావాళ్ళకి అమ్మి, పెరట్లో రాయి జోలికి మాత్రం వెళ్ళవద్దని మాట తీసుకుని, పడవెక్కి వెళ్ళిపోయాడట.

మావాళ్ళు జోలికి వెళ్ళకుండా ఉంటారా. పసుపు పూశారు, కుంకం పెట్టారు. ప్రతి ఏడూ శ్రావణమాసంలో సున్నం వేసి, మళ్ళీ దాని మీద పసుపు పూశారు. మగవాళ్ళు అటు వెళ్ళేవారు కాదు, అది ఆడవాళ్ళ వ్యవహారం. శ్రావణ శుక్రవారం పూజ అయ్యాక ముత్తయిదువులందరికంటే ముందు మొదటి వాయనం దొరసానికే. పళ్ళెంలో నానబెట్టిన శనగలు, తాంబూలం, రవికెల గుడ్డ, మా కొట్టులోవి ఆకుపచ్చ గాజులు. వాటి పక్కన రెండు రస్కులు.

రస్కులు ఎందుకని మొదటి ఏడాది అడిగాను.

"ఆవిడకి శనగలు అరుగుతాయో అరగవోనమ్మా," అన్నారు అత్తగారు, ఎంతో మామూలుగా.

ఇంకోటి కూడా ఉండేది ఆ పళ్ళెంలో. ఆకుపచ్చ గాజుల మధ్యన ఒక జత పసిపిల్లల గాజులు. నల్లవి, బొటనవేలు కూడా కష్టంగా పట్టేంతవి. అవెందుకో అత్తగారికి తెలియదు. "మా అత్తగారు పెట్టేవారు. ఆవిణ్ణి వాళ్ళ అత్తగారు పెట్టమన్నారు. కారణం తెలీకపోతే పెట్టడం మానేస్తామా ఏంటి?" అన్నారు. ఆ తరవాత నేనూ అడగలేదు. ఏటా కొట్టులోంచి ఆ చిన్న జతని నేనే ఏరి తెచ్చేదాన్ని.

వాయనం ఇచ్చేటప్పుడు "ఇస్తినమ్మ వాయనం" అంటాం కదా. పుచ్చుకునేవాళ్ళు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. రాయి అనలేదు కాబట్టి దొరసాని తరఫున అత్తగారు అనేవారు. పెద్ద ముత్తయిదువ, రాయి పక్కన నిలబడి, కాస్త గొంతు సన్నం చేసి అనేవారు. దొరసాని గొంతు సన్నగా ఉండేదని ఆవిడ నమ్మకం. మేం నవ్వు ఆపుకునేవాళ్ళం. మామగారు పోయాక అత్తగారు ఆ మాట అనడం మానేశారు. వాయనం వేళకి వంటింటి తలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేవారు. ఆ గడప దాటి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. అప్పటి నుంచి దొరసాని మాట పక్కింటి పిన్నిగారు అనేవారు.

నాకు దొరసానితో స్నేహం ఉండేది. ఇంకో మాట తోచక స్నేహమంటున్నాను. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్ళి మండపం నీడలో కూర్చునేదాన్ని. రాయి చల్లగా ఉండేది. చెయ్యి ఆనించి కూర్చుంటే అరచేతికి పసుపు అంటేది. పారిజాతాలు అప్పటికి వాడి నేలకి అతుక్కుపోయి ఉండేవి. కునుకు పట్టేది. కలలో దొరసాని వచ్చేది. మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు, పాదాలకి పసుపు, నెత్తిన తెల్ల టోపీ. నాకు చదువు లేదు, ఆవిడకి తెలుగు లేదు. ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం. ఆవిడ రస్కు విరిచి సగం నాకిచ్చేది.

మా ఆయన పోయాక నేనూ వంటింటి తలుపు దగ్గరే ఆగిపోయాను. అత్తగారు చెయ్యి ఆనించి నిలబడే చోట తలుపు చెక్క నున్నగా అయి ఉంది. నా చెయ్యి కూడా సరిగ్గా అక్కడికే వెళ్ళింది. పసుపు కుంకాలతో పోయిన ఆవిడ దగ్గరికి నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? శ్రావణమాసంలోనే కాదు, మామూలు మధ్యాహ్నాలు కూడా వెళ్ళడం మానేశాను. కలలు కూడా రావడం మానేశాయి. మిగతా దుఃఖం ఎవరికైనా చెప్పుకోవచ్చు. పెరట్లో రాయి పక్కన కూర్చోలేకపోతున్నానని ఎవరికి చెప్పుకుంటాం?

ఆ మధ్యాహ్నాలు ఖాళీగా ఉండటం చూసి మా కోడలు నాకు అక్షరాలు మొదలుపెట్టింది. కొట్టు లెక్కలు ఆ అమ్మాయే చూసేది, బీకాం చదువుకుంది. పడమటి గదిలో జాడీలు తీసేసి, ఆ పొట్టి కిటికీలో ఇద్దరం కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. తెలుగు వచ్చాక ఇంగ్లీషు పెద్దక్షరాలు పట్టుకున్నాం. ఫిరోజాబాదు నుంచి వచ్చే గాజుల పెట్టెల మీద ఉండేవి అవే. అర్థం తెలిసేది కాదు, ఏ అక్షరమో మాత్రం చెప్పేదాన్ని. బళ్ళో లాగా బెత్తం పట్టుకోవాలా అని అడిగేది కోడలు. పట్టుకోమనేదాన్ని.

మొన్నటి శ్రావణంలో గోదారి పొంగింది. గట్టు దాటలేదు కానీ మురుగు కాలవల్లోంచి నీళ్ళు ఎదురుతన్ని మా పెరట్లోకి వచ్చాయి. ఎర్రటి నీళ్ళు, కదలకుండా, మండపాన్ని సగం దాకా పట్టుకుని నిలబడ్డాయి. వరండాలోంచి చూస్తుంటే ఆ నీళ్ళలో మండపం తలకిందులుగా ఇంకొకటి కనిపించేది. ఏది పైదో ఏది కిందదో తెలిసేది కాదు. పారిజాతాలు రాలి వాటి మీద తేలుతూ తిరిగేవి. నీళ్ళు తీసేసరికి పెరడంతా ఒండ్రు. శుక్రవారం దగ్గరకొచ్చేసింది. కోడలు రాయి కడగడానికి బకెట్టు పట్టుకుని దిగి, ఒండ్రులో జారి మడమ బెణికించుకుంది. కట్టు కట్టించుకుని వరండాలో స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది.

"అత్తయ్యా, రాయి మీరు కడిగెయ్యండి," అంది.

నేను మెట్టు దగ్గరే ఆగాను.

"పూజ చెయ్యమనట్లేదండీ. ఒండ్రు తియ్యమంటున్నాను. ఒండ్రు ఎవరు తీస్తే ఏం?"

కుంకుడు రసం, కొబ్బరి పీచు తీసుకుని దిగాను. మండపం కిందికి వంగగానే ఆ చల్లదనం తెలిసింది. రాయికి చెయ్యి ఆనించాను. అన్నాళ్ళు నీళ్ళలో నానడం వల్ల కాబోలు, నా చేతి కింద సున్నం కదిలింది. కొంచెం లాగితే ఉడికిన చామదుంప తొక్కలా ఊడి వచ్చింది. పొర కింద పొర, తెలుపు, పసుపు, మళ్ళీ తెలుపు. మా అత్తగారి శ్రావణాలు, వాళ్ళ అత్తగారి శ్రావణాలు. భయం వేసి ఆగాను. పాడుచేస్తున్నానేమో అనిపించింది. కానీ లోపల నల్లగా రాయి కనిపిస్తోంది. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చున్నాను గానీ ఆ రాయి నలుపని నాకు తెలియదు.

పీచుతో మెల్లగా రుద్దాను. నల్లరాయి మీద పసుపు గీతలు తేలాయి. చెక్కిన సందుల్లో పసుపు నిలిచిపోయి గట్టిపడింది. గీతలు కావు, అక్షరాలు. మా పెట్టెల మీద ఉండే పెద్దక్షరాలే.

కోడలికి చెప్పాను. నడవలేక అక్కడి నుంచే ఫోను తీసి, "చదవండి అత్తయ్యా, నేను రాసుకుంటాను," అంది.

నేను పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయి వరండాలో ఒక్కొక్కటీ నొక్కింది. పేరు వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళం భర్త పేరు పలికేవాళ్ళం కాదు, ఆ అలవాటున దొర పేరు కూడా నేనిక్కడ రాయను. పేరు తరవాత ఇంకో మాట. ఏ, ఆర్, సీ, హెచ్, ఐ, టీ, ఈ, సీ, టీ.

"ఆర్కిటెక్టు," అంది కోడలు. "అంటే ఇళ్ళు గీసేవాళ్ళు."

"ఇళ్ళు గీసింది దొర కదమ్మా. ఇది దొరసానిది."

"ఇంకా చెప్పండి."

చెప్పాను. ఎండ మండపం మీద నుంచి గోడ మీదికి జరిగింది. కింద అవే అక్షరాలు చిన్నవిగా చెక్కి ఉన్నాయి, వాటి సందుల్లోంచి పసుపు గోటితో తీయాల్సి వచ్చింది. అంతా అయ్యాక కోడలు ఫోనులో మొదటి నుంచి ఒకసారి చదువుకుంది. తరవాత తెలుగులో చెప్పింది. ఇక్కడ ఉన్నది దొర. ఈ ఊళ్ళోనే జ్వరంతో పోయాడు. ఆయన పక్కనే ఆయన కూతురు, ఏడాది నిండని పిల్ల, ఆయనకంటే ముందు పోయింది. దుఃఖంలో ఉన్న భార్య ఈ రాయి నిలబెట్టింది.

"అత్తయ్యా," అంది కోడలు, నవ్వాలో వద్దో తెలియని ముఖంతో. "అయిదు తరాలుగా దొరగారికి గాజులు తొడుగుతున్నామండీ."

నేను నవ్వలేదు. పసిపిల్లల గాజులు గుర్తొచ్చాయి. నల్లవి, బొటనవేలు కష్టంగా పట్టేవి. మొదటిసారి ఆ జత పెట్టిన మావాళ్ళావిడకి పిల్ల సంగతి తెలుసు. దొరసాని చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఇల్లు అమ్మేటప్పుడు ఇద్దరూ ఈ పెరట్లో ఎక్కడో నిలబడి ఉంటారు. ఒకావిడకి తెలుగు రాదు, ఇంకొకావిడకి ఇంగ్లీషు రాదు. పిల్ల ఎంతుండేదో చేత్తో చూపించి ఉంటుంది. మిగతా కథ తరాల మీద తారుమారైపోయినా ఆ చేతి కొలత మాత్రం పోలేదు.

ఆ రోజు పొట్టి కిటికీలో కూర్చుని కథంతా తిరగేసుకున్నాను. దొర కొలత తప్పలేదు. పాకే పిల్లకి గోదారి కనిపించాలని గీశాడు. కిటికీ తయారైంది, పిల్ల దాని దాకా రాలేదు. తరవాత ఆయనా పోయాడు. సాయంత్రాలు వరండా మెట్టు మీద కూర్చుని రాయి వైపు చూసింది దొర కాదు, దొరసాని. మాట తీసుకున్నది ఆవిడే. ఒంటరిగా పడవెక్కింది ఆవిడే. ఎవరి పసుపు కుంకాలు చూసి నేను తలుపు దగ్గర ఆగిపోయానో ఆవిడ కూడా నాలాంటిదే. ఆ మెట్టు మీద కూర్చోవడానికి ఆవిడ ఎవరినీ అడిగి ఉండదు.

అలా అనుకుంటూ అక్కడే కునుకు తీశాను. చాలా రోజులకి కల వచ్చింది. ఈసారి దొర వచ్చాడు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ చేతులు వెనక్కి దాచుకుంటున్నాడు. ఏమీ అనుకోకండి అన్నాను. ఫరవాలేదన్నట్టు తల ఊపాడు. కదిలినప్పుడల్లా గాజులు గలగలమన్నాయి.

మెలకువ వచ్చాక భయం పట్టుకుంది. పేరంటాలు కాదని తెలిస్తే ఆడవాళ్ళు ఊరుకుంటారా? పూజ చేసిన చేతుల్తో సమాధిని ముట్టుకోవడమేంటని అంటే వాయనం అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ వెళ్ళకపోతే, రేపు ఇల్లు బాగుచేసేటప్పుడు ఆ రాయి ఎవరికి కావాలి? చెప్పకుండా మళ్ళీ సున్నం వేసేద్దామా అన్నాను కోడలితో. అలా చేస్తే నేను తలుపు దగ్గరే ఉండిపోవాలి, అదీ తెలుసు. కోడలు ఆలోచించి, మీరు కష్టపడి చదివింది సున్నం కిందికి పంపిస్తారా అంది.

శుక్రవారం పేరంటానికి ఆడవాళ్ళు వచ్చారు. నల్లరాయిని చూసి గుసగుసలాడుకున్నారు. కోడలు రాయి మీద ఉన్నదీ, నేను ఊహించిందీ దాచకుండా చెప్పింది. అంతా విన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు పక్కింటి పిన్నిగారే నోరు తెరిచారు. పెద్దావిడ, దొరసాని తరఫున ఇన్నేళ్ళూ మాట్లాడినావిడ.

"అయితే ఇన్నాళ్ళూ మగాడి తరఫున పుచ్చుకుంటినమ్మా అన్నానా నేను? మా ఆయనకి తెలిస్తే ఇంకేమైనా ఉందా!"

ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు అందరికీ పాకింది. రవికెల గుడ్డలు ఏం చేసుకుని ఉంటాడని ఒకరు, రస్కులు మాత్రం తిని ఉంటాడని ఇంకొకరు. పిన్నిగారు కళ్ళు తుడుచుకుని, ఆడవాళ్ళ సొమ్ము మగాడు ఉంచుకోడని, ఎప్పటివప్పుడు పెళ్ళానికి పంపించేసి ఉంటాడని తేల్చారు. "మనం ఇచ్చింది ఆవిడకే కదర్రా. ఈయన అందుకుని పెట్టాడు, అంతే," అన్నారు. అయితే మరి ఇవాళ్టి వాయనం ఎవరికివ్వాలో మాత్రం ఆవిడా చెప్పలేకపోయారు. రాయికి దణ్ణం పెట్టొచ్చు. రాయికి వాయనం ఇవ్వడానికి, అది ఆడది కాదని తెలిశాక, ఎవరికీ చెయ్యి రాలేదు.

నేను అప్పటికి వంటింటి తలుపు దగ్గర లేను. కడిగిన మండపం బాగా కనిపిస్తుందని వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. కోడలు పళ్ళెం పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ పెరట్లో నిలబడింది. రాయి వైపు చూసింది. ఆ చిన్న గాజుల జత మాత్రం తీసి రాయి మొదట్లో, పారిజాతాల మీద పెట్టింది. తరవాత పళ్ళెంతో తిరిగి నా వైపు వచ్చింది.

"కొంచెం జరగండి అత్తయ్యా."

జరిగాను. నా పక్కన ఖాళీ అయిన చోట పళ్ళెం పెట్టింది. శనగలు, గాజులు, రస్కులు.

"ఆవిడ ఇక్కడేగా కూర్చునేది," అంది అందరికీ వినపడేలా. తరవాత చేతులు జోడించి, "ఇస్తినమ్మ వాయనం," అంది.

అలవాటున అందరూ పిన్నిగారి వైపు చూశారు. పిన్నిగారు మాత్రం నావైపు చూసి, ఊఁ అన్నట్టు గడ్డం ఎత్తారు.

గాలి గోదారి వైపు నుంచి హాలు దాటి మా వెనక నుంచి వచ్చింది. పళ్ళెంలో రవికెల గుడ్డ అంచు లేచి మళ్ళీ పడింది. నా గొంతు మామూలుగా బొంగురు. వీలైనంత సన్నం చేసుకున్నాను.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను.